కంతబల్ల మీద మబ్బులాయన

బల్లకు కోసిన కంతలోంచి చూస్తే లోకమంతా ఒక చాప వెడల్పు. సిమెంటు గచ్చు, గచ్చు మీద గోడ వైపు పాకిన సన్నటి బీట, బీట పక్కన ఎప్పుడో ఒలికిన నీలం రంగు మరక, కిటికీలోంచి పడి మెల్లగా జరుగుతున్న ఎండముక్క. ఇంకేమైనా చూడాలంటే అదే నడిచొచ్చి కంత కింద నిలబడాలి. మబ్బులాయన బోర్లా పడుకుని, నుదురూ గడ్డమూ దూదిమెత్త మీద ఆనించి, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఈ చాపెడు రాజ్యాన్ని ఏలుతున్నాడు. కుడి కంటి వెనక పొర ఊడిందన్నారు, అతికించారు, అతుకు నిలవడానికి కంట్లోకి గాలిబుడగ ఎక్కించారు. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది, దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకని మనిషే ముఖం కిందికి పెట్టాలి, అప్పుడది పైకి పోయి పొరను నొక్కి పట్టుకుంటుంది. "తల ఎత్తారా, బుడగ జారిపోతుంది, పొర మళ్ళీ లేస్తుంది, రెండోసారి అతకడం నా చేతకాదు," అని కళ్ళ డాక్టరు ముందే చెప్పేశాడు. పోనీ ఎడమ కన్ను ఉందిగా అని సరిపెట్టుకోవడానికి లేదు. అది సైన్యంలో ఉండగానే ఫిరంగి మంటకు కమిలిపోయింది; బారెడు దూరం దాకా చూస్తుంది, అది దాటితే అంతా పొగమంచే. ఆయనకు చూపనేది ఏదైనా మిగిలితే అది ఈ కట్టు కిందున్న కుడి కంట్లోనే మిగలాలి. శుక్రవారం పొద్దున డాక్టరు చూసి సరే అనేదాకా తిండీ నిద్రా కబుర్లూ అన్నీ గచ్చుతోనే. వడ్రంగిని పిలిచి పాత భోజనాల బల్లకు ముఖమంత కంత కోయించింది కూతురే, కంతబల్ల అని పేరు పెట్టిందీ కూతురే. "ఇన్నాళ్ళూ మనం దీని మీద తిన్నాం, ఇప్పుడిది నాన్నను తింటోంది," అని నవ్వి, పొద్దున్నే బడికి పోతుంది పిల్లలకు లెక్కలు చెప్పడానికి. ఎండముక్క బీట దాటితే ఆ పిల్ల వచ్చే వేళయినట్టు. ఇంకా దాటలేదు. చూసిన కొద్దీ దాటదు అది, పాలగిన్నె దగ్గర కాపలా కూర్చుంటే పొంగదు, అవతలికి పోగానే పొంగుతుంది, ఎండకూ అదే బుద్ధి.

ఈ శిక్ష ఎవరు వేశారో గానీ మనిషిని బాగా ఎరిగినవాడే వేశాడు. బుద్ధెరిగిన నాటినుంచీ పైకి చూడటం తప్ప ఇంకో విద్య నేర్వని మనిషిని పట్టుకుని, ఇక కిందికి చూడరా నాయనా అన్నారు. సైన్యంలో ఆయన పని ఆకాశం. కొండ కొమ్మున గొయ్యి, గొయ్యిలో వెనక్కి వాలే కుర్చీ, మెడలో దుర్భిణి. శత్రువు విమానం ఆవగింజంత ఉండగానే కనిపెట్టి కేకెయ్యాలి, ఆ కేక విని వెనకాల ఫిరంగులు తలెత్తాలి. కాపలా మారేదాకా చూపు దించకూడదు. చీమ కుట్టినా, కాళ్ళ దగ్గర నీళ్ళు చేరినా, ఎవడు పిలిచినా దించకూడదు. మారేవాడు వచ్చి భుజం తట్టాలి, అప్పుడు మెడ దిగాలి. అక్కడ దించకూడదు, ఇక్కడ ఎత్తకూడదు. మెడ మాత్రం అదే మెడ, పాపం, దాన్ని ఎవరూ ఏదీ అడగలేదు. సైన్యం వదిలాక వాతావరణ కేంద్రంలో ఉద్యోగం దొరికితే ఇంట్లోవాళ్ళు సంతోషించారు, ఇక మనిషి నేల మీద నడుస్తాడని. ఏం నడుస్తాడు? గడ్డిలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, పెట్టెలో ఉష్ణమాపకాలు, పక్కన వాన కొలిచే గరాటు, నెత్తిన మళ్ళీ అదే ఆకాశం. దాన్ని ఎనిమిది ముక్కలు చేసుకుని, ఎన్ని ముక్కల్ని మబ్బు తిన్నదో చెప్పాలి. మొదటి రోజే పై అధికారి పిలిచి చెప్పాడు, చూసిందే రాయి, అనుకున్నది రాయకు, వాన వస్తుందో రాదో చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ఆ మాట ఎంత నచ్చిందంటే దాన్ని ఇంటికీ తెచ్చేసుకున్నాడు. వీధిలో వాళ్ళు ఆపి, "మబ్బులాయనా, బట్టలు ఆరేసుకోమంటారా?" అంటే, "పడ్డాక చెబుతాను," అనేవాడు. గొడుగు మాత్రం తను మర్చిపోకుండా పట్టుకెళ్ళేవాడు. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో నిలబడి మబ్బులు చూస్తున్నాడని, నర్సు రెండుసార్లు పిలిస్తే పలకలేదని భార్య ఇప్పటికీ అంటుంది. "మీ కళ్ళెప్పుడూ అక్కడెక్కడో. కాళ్ళ దగ్గర మేమున్నాం, అప్పుడప్పుడూ తొక్కుతూ ఉండండి, మేమూ ఉన్నామని తెలుస్తుంది."

కింది వాటాలో దర్జీ మిషను మొదలుపెట్టాడు. పైనుండే వాళ్ళకు అది ఇన్నేళ్ళలో ఎప్పుడూ వినపడలేదు గానీ ముఖం గచ్చుకు పెట్టేసరికి స్పష్టంగా వినిపిస్తోంది, టకటకా పోయి మూల తిరిగేచోట ఆగి, మళ్ళీ పోతుంది. చొక్కా కాలరు కావచ్చు. అనుకున్నది రాయకు. సరే, మిషను ఆగుతూ నడుస్తోంది, అంతే. ఇలా రోజుకు ఎన్ని సంగతులు పట్టుబడుతున్నాయో. మనుషులు ముఖంతో అబద్ధమాడినంత సులువుగా కాళ్ళతో ఆడలేరు. కూతురు పాదాలు పొద్దున పూట మడమలు నేలకు ఆనవు, సాయంత్రం బొటనవేళ్ళు లేవవు. కంటి కట్టు మార్చడానికి వచ్చిన నర్సమ్మకు ఎడమకాలి చిటికెనవేలు లేదు. ముఖం చూసి ఉంటే ఆవిడ నవ్వు గుర్తుండేది, ఇప్పుడు వేలు లేని చోటు గుర్తుంది. పరామర్శకు వచ్చిన పాత సహోద్యోగి నోటితో ధైర్యం చెబుతున్నంతసేపూ ఒక పాదం గుమ్మం వైపే తిరిగి ఉంది. అదుగో, చప్పుడు. వంటింట్లోంచి ఎవరో వస్తున్నారు, మగ నడక, ఈడుస్తూ, ఇంట్లో తనే మగవాడు, తను బల్ల మీద ఉన్నాడు, మరి ఎవరు? కంత అంచులోకి మొదట వచ్చింది తన చెప్పే. అరిగిన మడమ, కుట్టు ఊడిన పట్టీ, అచ్చంగా తన ఇంటి చెప్పులు, ఆయన లేకుండానే ఆయన చెప్పులు ఇల్లంతా తిరుగుతున్నాయి. వాటిలో భార్య పాదాలున్నాయి.

"నీళ్ళు తాగుతారా?" అంది ఆవిడ. గ్లాసు కంత కిందికి వచ్చింది, గొట్టం పెదవులకు తగిలింది.

"నా చెప్పులెందుకు వేసుకున్నావే?"

"మీరెటూ వాడట్లేదుగా. ఖాళీగా ఉన్నాయని."

"నీవేమైనాయి?"

"అలిగి కూర్చున్నాయి. మీరు బతిమాలతారా, నేను బతిమాలనా?" అని ఆవిడ గ్లాసు తీసుకుంది. చెప్పులు వెనక్కి తిరిగి, వెళ్ళి, కనిపించేదాని అంచున ఆగిపోయాయి. ఎందుకు ఆగాయి? అక్కడ ఆగడానికి ఏమీ లేదు, అటు గోడ, ఇటు దారి, మధ్యలో వట్టి గచ్చు. ఆగి, ఉండి, ఒక ఊపిరి, రెండో ఊపిరి, తర్వాత కదిలాయి.

ఈవిడ పాదాలు ఎలా ఉంటాయో తనకు తెలుసా? పెళ్ళయిన కొత్తలో బదిలీ మీద వేరే ఊళ్ళో ఉన్నప్పుడు బజార్లో ఒక చెప్పుల జత నచ్చి కొన్నాడు, ఎర్రవి, చిన్న మడమవి. కొలత అడిగితే దుకాణంవాడికి చెయ్యి వెడల్పు చేసి చూపించాడు, ఆకాశంలో మబ్బుకు చూపించినట్టు. ఆవిడ తొడుక్కుని, ఎంత బాగున్నాయో అంది. ఏడాది పాటు అవే వేసుకుంది. మడమలు బయటికి వేలాడుతూ ఉండేవని ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ చెల్లెలు నవ్వుతూ చెబితే తెలిసింది, అదీ చెల్లెలు చెబితే. ఆవిడ నోరులేని మనిషేం కాదు, మిషను ఆగుతుందేమో గానీ ఆవిడ ఆగదు. వీధిలో ఎవరికి ఏ జబ్బో, ఏ మందు పడదో, ఏ డాక్టరు హస్తవాసి మంచిదో అన్నీ చెబుతుంది. ఊరందరి రోగాలూ చెబుతుంది, తనది తప్ప. తనకు జ్వరం వచ్చినట్టు ఇంట్లో తెలిసేది ఎలాగంటే ఆ రోజు అన్నం కొంచెం ముందుగా వండేసి ఉండేది.

మళ్ళీ వస్తోంది. ఈసారి దేనికో, చీపురు పట్టుకుని, ఊడ్చిన గచ్చే మళ్ళీ ఊడవడానికి. మబ్బులాయన ఎడమ కన్ను చిట్లించాడు. పాదం పైభాగం నునుపుగా మెరుస్తోంది. వయసు మీద పడ్డ పాదానికి నరాలు తేలాలి, ఎముకలు తేలాలి, ఈ పాదానికి ఏమీ తేలలేదు, చీలమండ ఉండాల్సిన చోట చీలమండ లేదు, కాలు నిట్టనిలువుగా దిగి చెప్పులో పడింది. చెప్పు కాస్త జారితే పట్టీ ఉన్నచోట గాడి. గాడి పోలేదు. ఆవిడ ఊడ్చి, ఆగి, ఊడ్చింది, ఇంకా పోలేదు. బాగా తిని ఒళ్ళు చేసిందా? తింటే గదా. నాలుగు మెతుకులు కెలికి లేస్తోందని కూతురు నిన్న గొణిగింది. చూసిందే రాయి. పాదాలు వాచాయి. నడక తగ్గింది. మధ్యలో ఆగుతోంది. ఇంకా? రాత్రిళ్ళు పడుకోవడం లేదు. ఆపరేషన్ అయిన నాటినుంచీ మంచమెక్కకుండా ఈ బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునే నిద్రపోతోంది, మీరు నిద్దట్లో తల తిప్పుతారేమోనని కాపలా అంది, ఆ మాటకు ఈయనగారు లోలోపల ఎంత పొంగిపోయాడని! ముసలితనంలో కూడా పెళ్ళానికి నా మీద ఇంత ప్రేమ అనుకుని, ఆ గర్వంతో హాయిగా నిద్రపోయాడు. ప్రేమ లేదని కాదు. కానీ తెలివొచ్చినప్పుడల్లా చెవిన పడిన ఆ ఊపిరి, కూర్చున్న మనిషి మెట్లెక్కుతున్నట్టు తీసే ఊపిరి, దాన్ని ఏ ముక్కలో వెయ్యాలి? ఆవిడ నా కోసం కూర్చోలేదు. పడుకుంటే ఊపిరాడక కూర్చుంది.

ఆగు. అది అనుకున్నది. చూడలేదు. ముఖం చూస్తే గానీ ఏదీ తెలియదు, పెదవుల రంగు చూడాలి, కళ్ళ కింద చూడాలి, ఇంత చేసి ముఖం ఎక్కడుంది? తన వీపుకు పైన, చేతికందేంత దూరంలో, నలభై ఏళ్ళకు పైగా అక్కడే ఉంది. తల ఒక్కసారి తిప్పితే చాలు. తిప్పకూడదు. మెత్త మీద నుదురు చెమటకు అంటుకుపోయింది, మెడనరం గుంజుతోంది, బల్ల ఛాతీకి అడ్డంగా ఒత్తుతోంది, కాళ్ళు ఎవరివో అయినట్టు తిమ్మిరెక్కాయి. ఇప్పుడే అనిపించింది ఆయనకు, ఇది బల్ల కాదు, పెట్టె, తను లోపల ఉన్నాడు, మీద ఎవరో మూత పెట్టారు, మూత మీద భార్య నడుస్తోంది. అరవాలనిపించింది. ఏమని అరుస్తాడు? పెళ్ళాం కాళ్ళు చూశానని అరుస్తాడా?

సైన్యంలో ఒకడుండేవాడు, పొడుగోడు అనేవాళ్ళు వాణ్ణి అందరూ. కాపలాలో తన తర్వాత వంతు వాడిది, భుజం తట్టేది వాడే. వానలకు గొయ్యిలో నీళ్ళు నిలిచి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నిలబడి మనుషుల కాళ్ళు పాడవుతుంటే మందుల సిపాయి వచ్చి అందర్నీ వరసగా కూర్చోబెట్టి బొటనవేలితో ముంగాలి మీద నొక్కేవాడు. వేలు తీశాక గుంట పడి, ఆ గుంట అలాగే ఉంటే, లేపి కిందికి పంపేసేవాడు. నొక్కే రోజు పొడుగోడు ఎప్పుడూ కనిపించేవాడు కాదు, కట్టెలకనో నీళ్ళకనో పోయేవాడు. తన కాళ్ళకన్నా రెండు కొలతలు పెద్ద బూట్లు ఎవరివో సంపాదించి వేసుకుని, "నాకేంరా, గుర్రంలా ఉన్నా," అనేవాడు. "నేను దిగిపోతే నీకెవడు వంతు మారతాడు? రెండు కాపలాలూ నువ్వే చూస్తావా, ఆ ఒంటికన్నుతో?" ఒకనాటి మధ్యాహ్నం కాళ్ళు కదలని వాణ్ణి మోసుకుంటూ కొండ దించారు. తను కుర్చీలో ఉన్నాడు. వాడు కింద నుంచి పేరు పెట్టి పిలిచాడు, ఒకసారి కాదు. కాపలా మారలేదు, భుజం ఎవరూ తట్టలేదు, ఆకాశం మీంచి అంగుళం కూడా చూపు దించలేదు. ఆ రోజు ఆకాశంలో ఏమీ లేదు, ఒక్క పిట్ట లేదు. అది తప్పేం కాదు, అందరూ మెచ్చుకున్నారు. వాడి ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా రాదు, పిలుపు వస్తుంది, ముఖం రాదు.

"ఏమే," అన్నాడు. "ఇలా రా."

"ఇక్కడే ఉన్నాగా."

"ఇంకా దగ్గరికి. బల్లకు ఆనుకుని నిలబడు. మెడ మీద దురద, కాస్త గోకు."

చెప్పులు వచ్చాయి. ఆవిడ వేళ్ళు మెడ మీద పడ్డాయి, వేళ్ళు చల్లగా ఉన్నాయి, ఇంత ఎండలో. మబ్బులాయన కుడిచెయ్యి బల్ల పక్కనుంచి జారవిడిచి, తడుముకుని, ఆవిడ కాలు చీలమండ పైన గట్టిగా పట్టుకున్నాడు.

"అయ్యో, వదలండి! ఈ వయసులో నా కాళ్ళు పట్టుకుంటున్నారేంటి? ఏం తప్పు చేశారేంటి?" నవ్వబోయింది, నవ్వు సగంలో ఊపిరి అందక దగ్గింది.

వదల్లేదు. పాదాన్ని కంత కిందికి లాక్కుని బొటనవేలితో ముంగాలి మీద నొక్కి పట్టాడు. తర్వాత వేలు తీశాడు. గుంట పడింది. నీళ్ళు నింపితే నిలిచేంత గుంట. దాన్నే చూస్తూ ఉన్నాడు, చర్మం లేస్తుందేమోనని, కాస్తయినా లేస్తుందేమోనని, కింద మిషను ఒక గుడ్డ పూర్తి చేసి ఇంకో గుడ్డ మొదలుపెట్టింది. గుంట అలాగే ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటి ఎన్నాళ్ళు? ఎక్కువసేపు నిలబడితే ఎవరికైనా..."

"నేను నిలబడ్డవాళ్ళ కాళ్ళు చూశానే. ఎన్నాళ్ళనుంచి?"

కుర్చీ కిర్రుమంది. ఆవిడ కూర్చుంది. ఆయన పాదాన్ని వదల్లేదు, ఆవిడ లాక్కోలేదు. వీధిలో ఎవరి జబ్బో చెబుతున్నట్టే చెప్పింది. "మీకు ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చున్నా కదా. ఎదురుగా ఒక నర్సు నా కాళ్ళు చూసి, రామ్మా అని పక్క భవనంలోకి తీసుకెళ్ళింది. గుండె డాక్టరట, కుర్రాడే, మంచివాడు. ఏవో తీగలు పెట్టి చూశాడు. గుండె సరిగ్గా కొట్టట్లేదమ్మా, నీరు చేరింది, ఇవాళే చేరిపోండి అన్నాడు. మా ఆయన అవతల కన్ను కోయించుకుంటున్నారు నాయనా, ఇవాళెలా కుదురుతుంది అన్నా. ఆలస్యం చేస్తే మంచిది కాదన్నాడు. చేయనులే, శుక్రవారం పొద్దున ఆయన తల ఎత్తుతారు, మధ్యాహ్నానికి నేనొచ్చేస్తా అన్నా. బిళ్ళలు ఇచ్చాడు, వేసుకుంటున్నా."

"అమ్మాయికి తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటుందా? అటు బడి, ఇటు మీరు, మధ్యలో నేనూనా? శుక్రవారం ఎంతలో వస్తుందండీ. మీరు తలెత్తేదాకా ఆగుదామని."

తలెత్తేదాకా. ఇన్నాళ్ళూ ఈ తల తన మెడ మీద ఉందనుకున్నాడు, ఇది ఆవిడ గుండె మీద ఉంది. వెళ్ళు అంటే వెళ్ళదు. ఎందుకు వెళ్ళదో కూడా తెలుసు, చుక్కలు ఎవరు వేస్తారు, భుజం పట్టించి ఎవరు నడిపిస్తారు, నిద్దట్లో తిరక్కుండా ఎవరు చూస్తారు, అన్నీ న్యాయమైన కారణాలే, ఒక్కొక్కటీ పొడుగోడి బూటు లాంటిదే. అయినా వెళ్ళమన్నాడు. కసిరాడు. బతిమాలాడు, కాలు చేతిలోనే ఉంది కాబట్టి అది కాళ్ళు పట్టుకుని బతిమాలడమే అయింది. ఆవిడ దేనికీ లొంగలేదు. మబ్బులాయన బల్లకు ఆనించిన చేతికర్ర అందుకుని గచ్చు మీద దబదబా బాదాడు. మిషను ఆగింది. మెట్ల మీద పరుగు, తలుపు తోసిన చప్పుడు, గచ్చు మీదికి దారప్పోగులు అంటుకున్న రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి.

"ఏం సార్, ఏమైంది? అక్కయ్యగారూ, ఏమైంది?"

"ఏమీ లేదు తమ్ముడూ, పడుకుని పడుకుని ఆయనకు విసుగొచ్చింది. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

"వెళ్ళకు," అన్నాడు మబ్బులాయన. "టాక్సీ పిలువు. మీ అక్కయ్యగార్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

"శుక్రవారం," అంది ఆవిడ.

"ఇప్పుడే."

"శుక్రవారం అన్నానా! మీ కన్ను గట్టెక్కనివ్వండి ముందు. పెళ్ళాన్ని చూసుకోడానికైనా కళ్ళుండాలిగా."

దారప్పోగుల పాదాలు ఒకటి ఇటు, ఒకటి అటు అయ్యాయి. భార్యాభర్తల మధ్య దూరిన ఏ మనిషి పాదాలైనా అంతే, తలుపుకేసి చూస్తాయి. అతను వెళ్ళిపోతాడు. వెళ్ళిపోయి కాలరు కుట్టుకుంటాడు, ఆవిడ చీపురు తీసుకుంటుంది, రాత్రి కుర్చీలో కూర్చుని మెట్లెక్కుతుంది, రేపు ఒకటి, ఎల్లుండి ఒకటి, అన్ని మెట్లున్నాయో లేదో ఎవరు చూశారు? రాబోయేది చెప్పేవాళ్ళు వేరే ఉన్నారట. ఇక్కడ ఎవరున్నారు? తను, గచ్చు. అప్పుడు ఆయనకు భలే చిన్న సంగతి ఒకటి తోచింది, ఇంత సేపూ ఎందుకు తోచలేదో. ఈ తల దిగి ఉందనే కదా ఆవిడ కదలనిది. అయితే ఇది దిగి ఉండకపోతే సరి.

రెండు చేతులూ బల్లకు ఆనించి, మబ్బులాయన తల ఎత్తాడు. గది అంతా ఒక్క ఊపున తిరిగింది, కిటికీ వెలుగు పక్కకు పోయి మళ్ళీ వచ్చింది, కట్టు కింద కుడి కంట్లో ఏదో నెమ్మదిగా దొర్లింది, నీటిసీసా వంచినప్పుడు దొర్లినట్టు. ఎదురుగా, బారెడు లోపల, కుర్చీలో ఆవిడ. ముఖం ఉబ్బి ఉంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. జుట్టు దువ్వుకోలేదు. చేతులు ఎత్తలేక దువ్వుకోలేదని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"తల! అయ్యో, తల దించండి!"

"నువ్వు గడప దాటు, దించుతాను."

"పిచ్చా మీకు? కన్ను పోతుంది!"

"పోతుంది. నువ్వు ఎంతసేపు కూర్చుంటే అంత పోతుంది. నీ ఇష్టం."

"తమ్ముడూ, చూడు ఈయన్ని, వంచు, తల పట్టుకుని వంచు!" ఆవిడ ఏడుస్తోంది, ఏడవడానికి ఊపిరి చాలక ఆగి ఆగి ఏడుస్తోంది. దర్జీ ఒక అడుగు ముందుకు వేశాడు గానీ ఆ పెద్దమనిషి ముఖం చూసి ఆగిపోయాడు.

"నాయనా, ఆవిడకు చెయ్యి ఇవ్వు," అన్నాడు మబ్బులాయన. భయం వేసింది ఆయనకు, ఫిరంగుల దగ్గర కూడా ఇంత భయం వేయలేదు, చీకటి అంటే భయం, ఆవిడ లేని చీకటి అంటే ఇంకా భయం. "ఒకప్పుడొకడు పిలిస్తే చూడలేదే నేను. ఇంక నావల్ల కాదు. లే."

ఆవిడ లేచింది. ఆయన్ని తిట్టుకుంటూ, మొండిముండావాడు అని, మొండిఘటం అని, పెళ్ళయిన నాటినుంచీ ఒక్క మాట విన్న పాపాన పోలేదు అని, దర్జీ భుజం పట్టుకుని నడిచింది. రెండడుగులకు ముఖం కరిగింది. నాలుగు అడుగులకు చీర రంగు ఒక్కటే మిగిలింది. గుమ్మం వెలుగులో అదీ పొగమంచయింది. గడప మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"దించారా?"

"దించాను," అన్నాడు, ఇంకా చూస్తూనే. ఆ మాత్రం అబద్ధం ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. గుమ్మం ఖాళీ అయ్యాక మెల్లగా వంగి, ముఖం కంతలో పెట్టుకున్నాడు. గచ్చు ఉంది, బీట ఉంది, మరక ఉంది. కట్టు కింద బుడగ తన చోటుకు తను వెళ్ళిందో లేదో తెలియదు, తెలుసుకునే దారీ లేదు, శుక్రవారం దాకా ఏదీ తెలియదు.

మెట్ల మీదినుంచి పిలిచింది. "దించే ఉన్నారా?"

"దించే ఉన్నాను. నువ్వు మెట్లు చూసుకో."

"అమ్మాయి రాగానే చుక్కలు వేయించుకోండి!"

"సరే. మాట్లాడకు, ఊపిరి దాచుకో."

మాట్లాడకు అన్నాడు గానీ, మాట్లాడకపోతే ఎలా అనిపించింది. కింది మెట్టు దగ్గర ఇంకోసారి వినబడింది, సన్నగా, మధ్యలో తెగిపోతూ, దించే ఉన్నారా అని. గట్టిగా కేకేశాడు, అవునని. దర్జీ ఎవరినో పిలుస్తున్నాడు, టాక్సీ తలుపు తీసిన చప్పుడు, నెమ్మదిగా అక్కయ్యగారూ, కాలు లోపల పెట్టండి. తలుపు పడింది. బండి కదిలింది, వీధి మలుపు దాకా వినిపించి, ఆ తర్వాత వినిపించలేదు. ఇంట్లో ఏ చప్పుడూ లేదు, కిందా లేదు. కంత కింద ఎవరి పాదాలూ లేవు. అడిగేవాళ్ళు లేకపోయినా ఆయన మెత్తకు నుదురు ఇంకాస్త గట్టిగా ఆనించాడు.

"దించే ఉన్నానే," అన్నాడు గచ్చుతో.